చిన్నది పట్టిన సీటు

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డ పడాలి. గుడ్డ లాగి పారేసే మొండిఘటాలు ఉంటారు కాబట్టి మా నాన్న దాని వెనకే మా చెల్లెల్ని కూడా లోపలికి తోసేవాడు. ఐదేళ్ల పిల్ల సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే లేపే మగాడు మా చుట్టుపక్కల లేడు. "సీటు పట్టేశా నాన్నా!" అని అది అరిచాక మేం నింపాదిగా ఎక్కేవాళ్లం. నాన్నకు అదో గర్వం.

ఆ ఎండాకాలం మా మామిడితోట కాయ కొన్న కలకత్తా వ్యాపారి తన ఊరు రమ్మంటే నలుగురం వెళ్లాం. భూమి కింద రైలు అప్పుడు కొత్త. కాయ మగ్గేసే కొట్లోలా ఉక్కపోస్తుందనుకున్నాం, మెట్లు దిగితే చల్లగా ఉంది. నేల నున్నదనం చూసి అమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

రైలు వచ్చింది. జనం తోసుకున్నారు. నాన్న అలవాటుకొద్దీ చెల్లెల్ని ఎత్తి తలుపులోంచి లోపల దించి, "సీటు పట్టమ్మా!" అన్నాడు. అమ్మ చేతిలోని సంచి అందుకోవడానికి వెనక్కి తిరిగాడు. తలుపులు మూసుకుపోయాయి. ఎవరూ వెయ్యకుండానే మూసుకునే తలుపులు ఉంటాయని మాలో ఎవరికి తెలుసు? అద్దం వెనక అది బాసింపట్టు వేసుకుని, పక్కన ఖాళీ చూపిస్తూ నవ్వింది. రైలు కదిలింది.

తరవాతి రైలెక్కి వచ్చే స్టేషన్లో దిగాం. లేదు. ఆ పై స్టేషన్లోనూ లేదు. సంగతి చెబితే వ్యాపారి పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాడు. మా చిన్నదానికి తెలుగు తప్ప ఏం వచ్చు? మామిడి కాపు అయిపోయేదాకా నాన్న కాళ్లకు బలపం కట్టుకుని ఆ ఊరంతా తిరిగాడు. అది దొరకలేదు, ఇప్పటికీ. దేవుడు చూస్తూనే ఉంటాడంటారు. చూస్తూ ఊరుకున్నాడంటే సిగ్గులేనివాడు.

ముగ్గురం తిరిగొచ్చాం. జంక్షన్‌లో నాన్న తుండుగుడ్డ భుజం మీంచి తియ్యలేదు. బస్సులో ఎవరో జాలిపడి అమ్మకు కిటికీ పక్కన చోటిచ్చారు. అంతలో బయటినుంచి ఎవరో తల్లి తన పిల్లను కిటికీలోంచి అందించింది.

"కాస్త పట్టుకోండి పిన్నిగారూ, ఎక్కొస్తా."

అమ్మ అందుకుంది. ఆమె ఎక్కివచ్చి చేతులు చాపినా ఇవ్వలేదు. "నువ్వెక్కావా? నిజంగా ఎక్కేశావా?" అని అడుగుతూనే ఉంది. పిల్ల ఏడుపు లంకించుకుంది. చివరికి నాన్నే అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు.