ముడి వేయని జంపఖానాలు

1979 వానాకాలంలో నన్ను మద్రాసు నుంచి వరంగల్‌కు ఎగుమతి తనిఖీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హోదా చిన్నదే గానీ, నా సీసం ముద్ర పడనిదే ఆ ఊరి నేతవాడ కొత్తవాడలో నేసే జంపఖానా ఒక్కటి కూడా ఓడ ఎక్కేది కాదు. కొనేవాళ్ళు ఒప్పుకున్న నమూనా పక్కన పెట్టుకుని, కట్ట విప్పి, పొడవు కొలిచి, తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడటం నా పని. నమూనాకు తేడా వస్తే సరుకు ఎంత బాగున్నా వెనక్కే. మొహమాటాలు కుదరవు; నాకు అసలే లేవు.

ఆ ఏడు కొత్తవాడ చేనేత సంఘానికి మొదటిసారి జపాన్ ఆర్డరు వచ్చింది. నూలు కోయంబత్తూరుది, రంగు జపానుది, నేత మనది. నేసినవి సింగపూరు పోతే అక్కడ మిషను మీద అంచుకు గుడ్డపట్టీ కుట్టి జపాన్ దుకాణాలకు పంపుతారు. ఒక్క జంపఖానాకు ఇన్ని దేశాలా అని నోరు వెళ్ళబెట్టాను. పట్టీ కుట్టాలి కనుక పడుగు కొసలు, అంటే రెండు చివరలా వేలాడే నిలువు దారాలు, ముడి వేయకుండా వదిలేయాలన్నది షరతు. ఇది కుదిరితే ఏడాది పొడవునా పని. కుదరకపోతే ఖాళీ మగ్గాలే. సంఘం అధ్యక్షుడు ఐలయ్య నిద్రాహారాలు మాని నేయించాడు.

తనిఖీ రోజు మొదటి కట్ట విప్పాను. ప్రతి జంపఖానాకూ రెండు వైపులా ముత్యాల్లాంటి ముడులు, చక్కటి కుచ్చులు! రెండో కట్టా అంతే, మూడోదీ అంతే.

"అయ్యో సారూ, ముడెయ్యొద్దనే చెప్పిన! ఎవలేసిండ్రు ఇవి?" అని ఐలయ్య నెత్తి కొట్టుకున్నాడు.

వేసింది లచ్చవ్వ, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు. ఆ వాడలో నేత మగవాళ్ళది, కుచ్చుముడి ఆడవాళ్ళది. మగ్గం దిగిన జంపఖానా ముడి పడకుండా గడప దాటటమనేది అక్కడ లేదు. ముడి వద్దన్న మాట వాళ్ళదాకా రాలేదు. మగవాళ్ళు తొందరలో తమకివ్వటం మరిచారనుకుని, కూలి కూడా అడగకుండా కూర్చుని ముడేశారు.

"దేశంగాని దేశం పోతాంది. కొసలు యేలాడంగ పంపితే మన ఇజ్జత్ ఉంటదా సారూ? పుకట్‌గనే ఏసినం," అంది లచ్చవ్వ. నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తోంది పాపం.

ముద్ర వేయనన్నాను. ముడి ఉంటే పట్టీ కింద అంచు ఉబ్బుతుంది, సరుకంతా తిరిగొస్తుంది అన్నాను. సింగపూరులో కొసలు కత్తిరించి మిషను మీద కుడతారని కూడా వివరించాను.

ఆమె నా వంక తేరిపార చూసింది. "కోసేస్తరా? అన్ని ఆర్డర్లకు గిట్లనేనా?" అంది. అవునన్నాను.

"అంటే మగ్గాలు నడవాల్నంటే మా పని బందు గావాలె."

ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. ఐలయ్య తల దించుకున్నాడు.

ఓడ తప్పితే ఆర్డరు పోతుంది. ఆమె కొడుకు మగ్గం కూడా ఈ ఆర్డరు మీదే నడుస్తోంది. లచ్చవ్వ కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత, "ఇప్పుండ్రే, చూస్తరేంది?" అని తోటివాళ్ళను గద్దించి ముందు తనే కూర్చుంది. వేసిన చేతులతోనే విప్పారు. అది చూడలేక నేను బయటికి వచ్చేశాను. విప్పటం అయ్యాక నమూనాతో పోల్చి ముద్ర వేశాను. సరుకు కాజీపేటలో రైలెక్కింది.

ఆర్డర్లు వచ్చాయి. మగ్గాలు పెరిగాయి, అన్నీ ఎగుమతి సరుకుకే తిరిగాయి, ఉత్పత్తి పెరిగింది, పైవాళ్ళు శెభాష్ అన్నారు. కొన్నేళ్ళకు బదిలీ మీద పోయే ముందు లచ్చవ్వ ఇంటికి వెళితే బీడీలు చుడుతోంది. "కొడుక్కు పని మస్తుగున్నది సారూ. ముడులకే నన్నెవ్వలు పిలుస్తలేరు," అంది, చేతులు ఆపకుండా.

దేశాలు పని పంచుకుంటే ఉత్పత్తి పెరుగుతుందన్నది నిజం, కళ్ళారా చూశాను. ఆ పంపకంలో ఏ ముక్క మనకు మిగిలింది, ఏ ముక్క చేయి జారింది అనేది కూడా చూడాలని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఏ ఊరికి తనిఖీకి వెళ్ళినా మగ్గాల దగ్గరే ఆగిపోలేదు. ఇళ్ళలోకి వెళ్ళి, ఆడవాళ్ళు ఇప్పుడేం పని చేస్తున్నారని అడిగేవాణ్ణి.