ఆషాఢంలో అరవై కేజీలు

పెళ్లయ్యాక ఎవరికి మిగలాల్సింది వాళ్లకి మిగిలింది. మా నాన్నకి బొంగురు గొంతు, మా అత్తకి కన్నీళ్లు, నాకు నాలుగు కేజీలు. వాళ్లిద్దరివీ వారంలో సర్దుకున్నాయి. నావి సర్దుకోలేదు.

ఇది కిందటేడాది కాదు, ఆ ముందటేడాది మాట. అప్పటికి నేను విజయనగరం దగ్గర ఓ గోగునార మిల్లులో టైమాఫీసు గుమాస్తాని. ఎవడు ఆలస్యంగా వచ్చాడో, ఏ సాకు చెప్పాడో పొద్దంతా వింటూ కూర్చోవడం నా ఉద్యోగం. సాయంత్రం తిన్నగా తాలింఖానాకి పోయేవాణ్ని. తాలింఖానా అంటే పెద్దగా ఊహించుకోవద్దు. పెంకుటిల్లు, ఎర్రమట్టి గోదా, గోడ మీద ఆంజనేయుడు, ఓ మూల తుప్పు పట్టిన బరువులు. ఆ మూల నాది. ఇనుములో నాకు నచ్చిన గుణం ఒక్కటే, అది సాకులు చెప్పదు.

బరువులెత్తే పందేల్లో, అరవై కేజీల లోపు తరగతిలో నేను ఎప్పుడూ రెండోవాణ్నే. మొదటివాడు కళింగపట్నం మనిషి. చిన్నప్పట్నించీ తడిసిన వలలు లాగిన చేతులు. నేను ఆంజనేయుడికి దండం పెట్టి, ఊపిరి బిగించి ఎత్తే బరువుని అతను పడవలోంచి చేపల గంప దించినట్టు ఎత్తేవాడు. అలాంటిది ఆ ఏడాది అతను ఒళ్లు చేసి పై తరగతిలోకి వెళ్లిపోయాడు. అరవైలో మొదటి స్థానం ఖాళీ అయింది. నా కోసం ఎవరో కుర్చీ తుడిచి పెట్టినట్టుంది. సరిగ్గా అప్పుడే నాకు పెళ్లయింది, అరిసెలూ నెయ్యీ తిని అతని వెనకాలే నేనూ అరవై దాటేశాను.

మా వస్తాదు, అంటే తాలింఖానా గురువు, నన్ను చూసి పెళ్లికొడుకని చూడకుండా వీపు మీద ఒకటి చరిచాడు.

"ఇన్నేళ్లకి తలుపు తెరుసుకుంటే, గుమ్మంలో పట్టకుండా అయిపోనావురా."

"తగ్గుతాను గురువుగారూ."

"తగ్గడం గొప్ప కాదు. తినకపోతే ఇనుము నిన్నెత్తుతాది. తింటే కాటా నిన్నెత్తుతాది. రెండిటి మజ్జిన నడవాల."

ఈ మాట చెప్పిన మనిషికి బొజ్జ వల్ల తన కాళ్లు తనకి కనబడి చాలా ఏళ్లయింది. అయినా చెప్పింది నిజమే.

నా భార్య పెళ్లయ్యాక నాతో విజయనగరంలో ఉన్నది నెలా పదిహేను రోజులు. ఒక గది, ఓ వసారా, ఒక కిరసనాయిలు స్టవ్వు. తను ఇద్దరికీ కలిపి ఒకేసారి వడ్డించి, వీధి తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చుని తినేది. మా వైపు కొత్త కోడళ్లు అలా తినరు. అత్తగారు లేని ఇంట్లో ఎవరు చూడొచ్చారని తన ధైర్యం. నేను ఏదో ఒకటి వాగేవాణ్ని, తను నవ్వేది. నవ్వుతూనే నా కంచంలో ఇంకో గరిటె వేసేది. నాలుగు కేజీలు తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వెళ్లాలి. కొత్త అల్లుడు ఆ నెలంతా అత్తవారి గడప తొక్కకూడదు. తన పుట్టిల్లు శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో. బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "మంచిదే, నెలంతా ఒళ్లు తగ్గించుకుంటాను" అన్నాను. తను నవ్వలేదు. బస్సు శబ్దానికి వినబడలేదనుకున్నాను.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా తెరిస్తే ఒక చిక్కు వచ్చింది. తను కొలిచే సోల ఇద్దరికి కొలత. ఒక్కడికి ఎంతో నాకు తెలీదు. సగం పోశాను. ఉడికాక చూస్తే ఒకడికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. ఆ నెలంతా ఆ లెక్క నాకు కుదరలేదు.

మిల్లు ఆసుపత్రి కాంపౌండరుకి కేలరీ అనే మాట తెలుసు. మా చుట్టుపక్కల ఆ మాట తెలిసినవాడు అతనొక్కడే. అదేమిటని అడిగితే కళ్లజోడు పైకి తోసుకుని, "కంటికి కనబడదు, నోటికి తెలీదు. నడుముకి తెలుస్తాది" అన్నాడు. ఇంతకన్నా మంచి వివరణ నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పొద్దున్నే ఓ చెంబుడు చోడి అంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం అన్నం కొద్దిగా, పప్పు ఎక్కువ, సాయంత్రం బరువులయ్యాక నానబెట్టిన శనగలు. పొద్దున్నే కోట చుట్టూ పరుగు. అదీ నా ఏర్పాటు.

నార మోపులు తూచే పెద్ద కాటా గోడౌనులో ఉండేది. రోజూ షిఫ్టు మారే వేళ నేను దాని మీద నిలబడేవాణ్ని. తూకం మనిషి మోపుని చూసినట్టే నన్ను చూసి, "తడి ఉన్నాది. ఆరబెట్టాల" అనేవాడు.

ఆకలి గురించి ఒక సంగతి చెప్పాలి. మిల్లులో వెయ్యదు. బరువుల దగ్గర వెయ్యదు. ఇంటికొచ్చి తాళం తీసి, గొళ్లెం చప్పుడు విన్నాక వేస్తుంది. శనగలు తిని నీళ్లు తాగినా పోదు. అప్పుడు లేచి, కడిగిన కంచాన్ని మళ్లీ కడిగేవాణ్ని. కంచాలు రెండు కాబట్టి రెండూ కడిగేవాణ్ని. వాడనిదాన్ని ఎందుకు కడగడం అని ఒకటి రెండుసార్లు నన్ను నేనే అడిగాను. దుమ్ము పడుతుంది కదా అని నేనే చెప్పాను. మా ఇంట్లో ఆ నెల జరిగిన సంభాషణ దాదాపు అంతే.

మా మావ బెల్లం వ్యాపారి. సంత రోజుకి విజయనగరం వస్తాడు. వచ్చిన మొదటిసారే నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. చేతిలో అరిసెల డబ్బా.

"ఏటి బాబూ, ఇలాగైపోనావు? ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉన్నాను మావా. బరువు తగ్గించుకుంతన్నాను."

"తగ్గించుకుంతన్నావా?" మావ డబ్బా కింద పెట్టి మంచం మీద కూలబడ్డాడు. "బియ్యం దొరక్క జనం రేషను కొట్టు కాడ పడిగాపులు పడతంటే, ఉన్న కూడు ఎవులైనా ఒగ్గీసుకుంతారేటి? నాకు సెప్పకూడని రోగమేటి?"

పందెం గురించి చెప్పాను. తరగతుల గురించి చెప్పాను. మా మావ జీవితమంతా బెల్లం తూచినవాడు, తూకం తగ్గితే లాభం అనే మాట ఆయన బుర్రకి ఎక్కలేదు. "తూకం తగ్గితే బహుమతి ఇస్తారా? ఎవులిస్తారు?" అని మళ్లీ మొదటికొచ్చాడు. నేను అలిసిపోయాను. నాకున్న ఒక్క విద్య వాడాను.

"సరే మావా, నిజం సెప్తాను. మీ అమ్మాయి లేక కూడు సయించడం లేదు."

నవ్వుతాడనుకున్నాను. మావ నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, బస్సుకి వెళ్లిపోయాడు. నేను ఆ అరిసెలన్నీ గోడౌనులో పంచిపెట్టాను. డబ్బా మాత్రం మూత పెట్టి అటక మీద ఉంచాను. రాత్రి పడుకుంటే దాని వాసన కిందికి దిగేది.

పందెం శ్రీకాకుళంలో. ముందు రోజు ఆదివారం. బయల్దేరే ముందు కాటా ఎక్కితే ముల్లు సరిగ్గా అరవై దగ్గర నిలబడింది. తూకం మనిషి, "ఎండింది. ఎత్తుకుపోండి" అన్నాడు. శ్రీకాకుళం చేరాక మమ్మల్ని ఓ బడి వరండాలో దించారు. వస్తాదు నా దగ్గరికొచ్చి, రేపు పొద్దున్న తూకం అయ్యేదాకా గుటక మింగొద్దన్నాడు. మింగడానికి ఏమీ లేదు కూడా.

సాయంత్రానికి మావ ప్రత్యక్షం.

"రా బాబూ, ఇంటికి."

"ఆషాఢం కదా మావా."

"గడప తొక్కొద్దన్నారు. వీధి తొక్కొద్దన్నారేటి?"

వెళ్లాను. ఎందుకు వెళ్లావని వస్తాదు తర్వాత అడిగాడు, మావని కాదనలేక అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

వాళ్లింటి ముందు వీధిలో నులకమంచం వేశారు. ముందు పీట, పీట మీద అరిటాకు. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పక్కనే బెల్లం పొంగడాలు గుట్టగా. ఆదివారం కాబట్టి గుడికి వచ్చిన జనం వీధి నిండా ఉన్నారు. సూర్యభగవానుడి దర్శనం చేసుకుని తిరిగొస్తూ నా దర్శనం కూడా చేసుకుంటున్నారు. ఒక ముసలమ్మ ఆగి, "కొత్తల్లుడా?" అని అడిగి, తృప్తిగా వెళ్లింది.

అత్త గడపకి అవతల నిలబడింది. అత్త వెనక, తలుపు చాటున, తను.

"తిను బాబూ," అంది అత్త.

"రేపు పొద్దున్న తూకం అత్తా. అదైపోతే ఎంతైనా తింటాను."

"నిన్ను తూయడానికి నువ్వేటి బెల్లం దిమ్మవా?" అన్నాడు మావ.

తలుపు చాటు నుంచి మాట వచ్చింది. నాతో కాదు, పెద్దవాళ్ల ముందు నాతో మాట్లాడదు. "అమ్మా, తినకపోతే మానీమను. ఆకు తీసీయ్. నాకూ ఆకలి లేదు."

"ఇన్నావా?" అత్త నా వైపు తిరిగింది. "నువ్వు కూడు తినడం లేదని మీ మావ సెప్పినకాణ్నించి ఇదీ తినడం లేదు. ఆయనకి సయించనిది నాకెలాగ సయిస్తాది అంతాది. ఈ పిల్లని ఎలాగ పంపించీది నేను?"

తను అప్పుడే తలుపు రెక్క పట్టుకోడానికి చెయ్యి పైకెత్తింది. గాజులు జారి మోచేతి దగ్గర ఆగాయి. విజయనగరంలో ఆ గాజులు మణికట్టు దాటేవి కావు.

నా హాస్యం బెల్లం బస్తాల మీద కూర్చుని అరసవల్లి దాకా వచ్చి, ఇక్కడ దిగేసరికి నిజమైపోయింది.

"అత్తా, అది నేను హాస్యానికి అన్నానని చెప్పు."

అత్త చెప్పింది. ఇద్దరం పది అడుగుల దూరంలో ఉన్నాం, అత్త మధ్యలో టెలిఫోను ఆఫీసులాగ నిలబడింది. జవాబు తలుపు చాటు నుంచే వచ్చింది.

"ఏది హాస్యమో అడుగమ్మా. అన్నం సయించకపోవడమా, నేను లేకపోవడమా?"

రెండో కంచం గుర్తొచ్చింది. అది వీధిలో, మావ ముందు, గుడికెళ్లే జనం ముందు చెప్పే సంగతి కాదు.

"తనకి కూడా పెట్టు అత్తా. పెడితే నేనూ తింటాను."

అత్త లోపలికి వెళ్లింది. గిన్నె మూత తీసిన చప్పుడు, పీట జరిపిన చప్పుడు, గాజుల చప్పుడు విన్నాను. అప్పుడు పప్పన్నం కలిపాను. మొదటి ముద్దకి అరవై దాటానని తెలుసు. దాటాక ఇంక ఎంత దాటినా ఒకటే కదా అని పొంగడాల దాకా వెళ్లాను. లోపల తినే చప్పుడు ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. అది మొదలైతే నేనూ మొదలుపెట్టాను. నెల మొదలయ్యాక నేను ఒకరితో కలిసి తిన్న తిండి అదొక్కటే. మధ్యలో గోడ ఉందంతే.

పొద్దున్న పందెం దగ్గర తూకం వేసేవాడు ముల్లు వైపు, తర్వాత నా మొహం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కాస్త గడువిచ్చారు. వస్తాదు నాకు గొంగళి కప్పి బడి మైదానంలో పరిగెత్తించాడు. ఆషాఢం ఉక్కలో గొంగళి కప్పుకుని పరిగెడుతున్న మనిషిని చూసి ఓ కుక్క కూడా మొరగలేదు, జాలిపడి పక్కకి తప్పుకుంది. మళ్లీ ఎక్కాను. ఇంకా ఓ రెండు పొంగడాల బరువు మిగిలింది. వస్తాదు గొంగళి లాగేసుకుని, నన్ను పై తరగతిలో రాయించాడు.

పై తరగతి వరసలో కళింగపట్నం మనిషి చేతులకి సుద్దపొడి రాసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏటి బావ, నన్నొగ్గవా?"

"నువ్వు లేకపోతే నాకు కూడు సయించదు," అన్నాను. అతను గట్టిగా నవ్వాడు. మాటని హాస్యంగానే తీసుకునే మనిషి ఒకడు దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

ఎప్పట్లాగే రెండోవాణ్నయ్యాను. అరవై తరగతిలో మొదటొచ్చినవాడు ఎత్తిన బరువుతో నేను ఒళ్లు వేడెక్కించుకుంటాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు. మెడలో పూలదండ ఉన్నవాడికి చెప్పాల్సిన మాట కాదు.

తిరుగు బస్సులో, చంపావతి వంతెన మీద, వస్తాదు నోరు తెరిచాడు.

"అత్తోరింటికి ఎల్లొద్దని పెద్దోల్లు ఊరికే పెట్నేదురా."

"నేను గడప దాటలేదు గురువుగారూ."

"నువ్వు దాటనేదు. కూడు నీ గొంతు దాటీసినాది కదా."

ఇల్లు చేరి తాళం తీశాను. గొళ్లెం చప్పుడైంది. ఆకలి తన వేళకి తను వచ్చింది. ఆషాఢం ఇంకా సగం మిగిలే ఉంది, ఇప్పుడు తగ్గించుకోవాల్సిన అవసరమూ లేదు. అదో వెలితి. ఇంతకాలం తినకపోవడానికి ఒక కారణం ఉండేది.

తర్వాతి సంతకి మావ వచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు, అడిగితే నేనేమంటానో అని భయపడ్డట్టున్నాడు.

"ఎలాగున్నాది మావా?" అన్నాను.

"తింతన్నాది. నీ సంగతి అడిగినాది. ఏటి సెప్పమంతావు?"

నాలుక చివర మూడు జవాబులు వచ్చాయి. మూడూ బాగున్నాయి. మూడూ అరసవల్లి చేరేసరికి ఏమవుతాయో ఆలోచించాను.

"తింటున్నానని చెప్పు."

"అంతేనా?"

"అంతే మావా."

ఆయన వెళ్లాక స్టవ్వు వెలిగించి బియ్యం డబ్బా తెరిచాను. చెప్పి పంపిన మాట నిజం చెయ్యాలి కదా. సోల నిండా పోశాను. ఉడికాక రెండు కంచాలూ దించి, ఒకదాంట్లో వడ్డించుకున్నాను. రెండోది ఎదురుగా బోర్లించి పెట్టాను, దుమ్ము పడకుండా.