నొప్పి బిళ్ల మందు కాదనుకున్నాం

మా ఆయన దానియేలు పగటి షిఫ్టు దిగి వచ్చి, రొయ్యల కూర కంచంలో వదిలేసి లేచిన రోజున నాకు భయం వేసింది. అంతకుముందే పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోవడం చూశాను. "ఏటండీ ఇది?" అంటే, "నిలబడి నిలబడి అలాగయ్యింది. ఏటీ కాదులే" అన్నారు. కాళ్ల వాపు గురించి నమ్మించగలరేమో గానీ, ఆయన రొయ్యలు వద్దనడం నేను పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు.

మేముండేది కూర్మన్నపాలెంలో. ఆయన అచ్యుతాపురం వైపు ఒక ఫౌండ్రీలో, కరిగిన ఇనుము పోతపోసే చోట పనిచేసేవారు. తెల్లారేసరికి వాంతులు మొదలయ్యాయి. మూత్రం రావడం లేదని అప్పుడు చెప్పారు, అదీ సిగ్గుపడుతూ! ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"క్రియాటినిన్ చాలా ఎక్కువుందమ్మా. రెండు కిడ్నీలూ దాదాపు పని ఆపేశాయి" అన్నారు డాక్టరమ్మ. అల్ట్రాసౌండ్‌లో రాళ్లేమీ లేవు. "ఏ మందులు వాడతారు?" అని అడిగారు. "బీపీ మాత్ర ఒక్కటేనండి" అన్నాను. పసర్లు, నాటు మందులు? లేవన్నాను. పక్కనే ఉన్న మా ఆయన కూడా లేవన్నట్టు తలూపారు.

మెడ దగ్గర కేథటర్ పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు. "కిడ్నీలు కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. కారణం తెలియకపోతే బయాప్సీ చెయ్యాలి" అన్నారు. కోలుకోకపోతే బతికినన్నాళ్లూ ఆ మిషనే. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే, "ప్రభువా" అన్న మాట దాటి నోరు ముందుకు వెళ్లేది కాదు.

అప్పుడే ఆయనతో పనిచేసే అప్పలరాజన్నయ్య చూడ్డానికి వచ్చాడు. తెచ్చిన కొబ్బరి బొండాల్లో పొటాషియం ఎక్కువ, కిడ్నీ రోగికి ప్రమాదం అంటూ సిస్టర్ గుమ్మంలోనే ఆపేసింది. పాపం, మొహం చిన్నబుచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. మా ఆయన నడుం నొప్పితో మూలుగుతుంటే చూడలేక, చొక్కా జేబులోంచి ఒక బిళ్ల తీశాడు.

"ఇదిగో బావా, ఏసుకో. సిటికెలో లేసి కూసుంటావ్."

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ వెనకే ఉన్నారు. ఆ బిళ్ల చేతిలోకి తీసుకుని, "ఇవి రోజూ వేసుకుంటారా? మందులేవీ లేవన్నారే!" అన్నారు.

"ఇది మందేటి మేడం? నొప్పి బిళ్ల" అన్నారు మా ఆయన. ఆయన అబద్ధం చెప్పలేదు. ఫౌండ్రీలో వాళ్లంతా షిఫ్టు ముందు టీతో పాటు ఒక బిళ్ల వేసుకుంటారు. ఒకరి దగ్గర లేకపోతే ఇంకొకరు ఇస్తారు, టీ ఇప్పించినట్టే. పైగా వేడి ఆపే కోటు విప్పి మాటిమాటికీ బాత్రూంకి వెళ్లలేక నీళ్లు తక్కువ తాగుతారు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ముగ్గురికీ చెప్పారు. "మన ఒళ్లు కొవ్వు పదార్థం నుంచి ప్రోస్టాగ్లాండిన్స్ అనేవి తయారు చేసుకుంటుంది. నొప్పి తెలిసేలా చేసేవి అవే. నీళ్లు తగ్గి ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీలోకి రక్తం వెళ్లే దారి మూసుకోకుండా చూసేవీ అవే. ఈ బిళ్ల వాటిని పుట్టనివ్వదు. నొప్పి పోతుంది, ఆ దారీ ఇరుకైపోతుంది. మీ బీపీ మాత్ర రకం కూడా దానికి తోడైంది." తర్వాత నా వైపు తిరిగి, "కారణం దొరికిందమ్మా. ఆశ ఉంది" అన్నారు. అక్కడే, అందరి ముందే ఏడ్చేశాను.

బయాప్సీ అవసరం తప్పింది. మధ్యలో కేథటర్ దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చి, చలి జ్వరంతో మంచం ఊగిపోయేలా వణికారు. నా ఆశ మళ్లీ నీరుగారింది. అది తగ్గాక, ఒక ఉదయం మూత్రం కొలిచే సీసా సగం దాకా నిండింది. దాన్ని పట్టుకుని వార్డంతా చూపించాలనిపించింది. సిస్టర్ నవ్వి, "పారబొయ్యకమ్మా, కొలవాలి" అంది.

అప్పలరాజన్నయ్య మాత్రం మళ్లీ వార్డులోకి రాలేదు. రోజూ వచ్చి కింద స్కూటర్ల దగ్గరే నిలబడి వెళ్లిపోయేవాడు. ఒకరోజు నేనే వెళ్లి పిలిచాను.

"నా సేత్తోనే ఇచ్చీసినాను సెల్లెమ్మా. బావ మొకం ఎలాగ సూడను?"

చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను. మా ఆయన అతన్ని చూసి, "నానిచ్చినవి నువ్వేసుకోలేదేటి బావా? ఏడుపాపి కిందకెళ్లు. ముందు నీ రక్తం పరీచ్చ సేయించుకో" అన్నారు. అతని క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగే ఉంది. బిళ్లలు మానేశాక తగ్గింది.

డయాలసిస్ ఆపేసి చాలాకాలమైంది. మా ఆయన కిడ్నీలు పూర్తిగా మునుపటిలా కాలేదు. బీపీ మాత్ర మార్చారు. ఇప్పుడు స్టోర్స్‌లో నీడపట్టున పని. నడుం నొప్పి వస్తే నేను వేడినీళ్ల కాపడం పెడతాను. నొప్పి లేని రోజు కూడా పెట్టించుకుంటారు, నాకు తెలియదనుకుని.

నేను చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో ఏ మందులు వాడతారని అడిగితే, డాక్టరు రాసినవే కాదు, జేబులో ఉన్నవీ, టీతో మింగేవీ అన్నీ చెప్పండి. మేం చెప్పలేదు. అన్నయ్య ఆ రోజు ప్రేమ కొద్దీ ఆ బిళ్ల బయటికి తియ్యకపోతే కారణం తెలిసేదే కాదు. ఈ మాట అతనికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. అచ్చులో చూస్తేనన్నా నమ్ముతాడని రాస్తున్నాను.