తీతువు ఎవరిని చూసి కూసింది

నా చిన్నప్పుడు డోన్ దగ్గర మా ఊళ్ళో, తీతువు పిట్ట ఇంటి మీద కూస్తే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారని నమ్మేవాళ్ళు. అందరికంటే గట్టిగా నమ్మింది మా జేజి, అంటే మా నాయన వాళ్ళ అమ్మ. ఆ ఏడు చలికాలంలో మా అమ్మకు ఏడో నెల. అంతకు ముందు పుట్టిన బిడ్డ దక్కలేదు. అలాంటప్పుడు ఒకరోజు తెల్లవారగానే ఇంటి వెనక బీడులోంచి లేచిన తీతువు మా ఇంటి మీదుగా కూస్తూ పోయింది. జేజికి ఆ రోజు ముద్ద దిగలేదు.

ఆమె అనుమానమంతా పక్కింటి అక్క మీదికి పోయింది. ఆ అక్క చర్చి దగ్గరి బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఒంటరి మనిషి. చలి మొదలైందంటే రోజూ పొద్దున్నే బీడులోకి పోయి, పగిలిన కుండ అడుగులో నీళ్ళు పోసి, గుప్పెడు కొర్రలు చల్లి, దుప్పటి కప్పుకుని పిట్టలను చూస్తూ కూర్చునేది. సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మ కాళ్ళు పిసుకుతూ ఆ పిట్టల సంగతులు చెప్పి నవ్వించేది. అమ్మ పొద్దంతా ఆమె కోసమే ఎదురుచూసేది.

"ఆయమ్మే దాన్ని మేపి మన ఇంటి మీదికి తోల్తాంది. ఇంగ లోపలికి రానియ్యద్దండి" అని జేజి కట్టడి చేసింది. నన్ను పిలిచి, "పొద్దున్నే పోయి ఏం చేస్తాందో చూసి రాపో" అంది.

నాకు ఆ పని భలే నచ్చింది. బీడు గట్టున నిలువుగా పాతిన నాపరాళ్ళ వెనక నక్కి చూసేదాన్ని. అక్క పెదవులు కదిలితే మంత్రం అనుకున్నాను. ఎడమ చేత్తో గింజలు చల్లితే అదీ జేజికి మోశాను. ఆమెది ఎడమచేతి వాటమని నాకు తెలియక కాదు. నేను పోయిన ప్రతిరోజూ తీతువు కూసింది. కూసినప్పుడల్లా జేజి అమ్మకు దిష్టి తీసేది. అమ్మ తిండి తగ్గిపోయింది. భయమో, అక్క రావడం లేదన్న బెంగో, నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పదో రోజు అక్క వెనక్కి తిరగకుండానే పిలిచింది. "రాళ్ళ ఎనక ఎందుకు పాపా, సలి పెడతాంది. ఇట్ల రా."

తల వంచుకుని దగ్గరికి పోయాను. ఆమె సగం దుప్పటి నాకు కప్పి, "కదలాకు" అంది. శానాసేపు కూర్చున్నాం. చలికాలంలో మాత్రమే కనబడే, తోక ఊపుకుంటూ నడిచే బూడిదరంగు పిట్టలు వచ్చాయి. తర్వాత పసుపు కాళ్ళతో రెండు తీతువులు వచ్చి చప్పుడు లేకుండా నీళ్ళు తాగాయి.

"ఇప్పుడు లేచి నిలబడు."

లేచాను. రెండూ గొంతు చించుకుని అరుస్తూ మా ఇంటి మీదుగా చుట్టు తిరిగాయి. కూర్చోమంది. కొంచెంసేపటికి దిగాయి. మళ్ళీ లేవమంది. మళ్ళీ అదే గోల.

"పది దినాల నుంచి అవి నిన్ను చూసే అరుస్తాండాయి పాపా. వాటికి నీ మీద అనుమానం" అంది అక్క. నవ్వలేదు. మొదటి రోజు నుంచీ నేను అక్కడున్నట్టు ఆమెకు తెలుసునన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి పోయి చెబితే జేజి నా నోరు తెరిపించి చూసింది. "ఏమన్నా తినిపిచ్చెనా? మందు పెట్టిందేమో!" నేను ఏడ్చి రచ్చ చేసి, మరుసటి రోజు ఆమెను చెయ్యి పట్టి లాక్కుపోయాను. జేజి నిలబడితే తీతువు కూసింది, కూర్చుంటే ఊరకుంది. మూడుసార్లు లేచి కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా అంది: "మొదటి దినం చెంబు తీసుకోని బీట్లోకి వచ్చింది నేనే గదే."

ఆ సాయంత్రమే అక్కను పిలుచుకు రమ్మంది. అక్క వచ్చింది. ఎప్పుడూ మాట్లాడుతూనే లోపలికి వచ్చేసే మనిషి, ఆ రోజు గడప బయటే నిలబడి, "లోపలికి రావచ్చునా?" అని అడిగింది. అమ్మ భోరుమంది. తమ్ముడు చక్కగా పుట్టాడు. వాడిని ఆ అక్కే ఎత్తుకుని తిప్పింది. అయినా వాడు బడికి పోయే వయసు వచ్చాక కూడా, జేజి ఎన్నిసార్లు "రా తల్లీ" అని బతిమాలినా, ఆమె ఆ మాట అడగకుండా మా గడప దాటలేదు.

ఇప్పటికీ ఎవరి మీదైనా అనుమానం వస్తే, ముందు నేను ఎక్కడ నక్కి చూస్తున్నానో చూసుకుంటాను. అంత మంచి మనిషి చేత అన్నేళ్ళు ఆ మాట అడిగించాను. అది తలుచుకుంటే ఈ వయసులోనూ నా తల వంగిపోతుంది.