తీగల తరఫున తప్పైపోనాది

ఎవరి దగ్గరైనా తప్పు ఒప్పుకుంటే తప్ప నగరేశ్వరరావుకు తిన్నది అరగదు. ఆ తప్పు తనదే అయ్యుండాలన్న పట్టింపేమీ లేదు. నరసన్నపేట పొలాల మీదుగా పోయే పెద్ద డీసీ కరెంటు లైనుకు అతను మేస్త్రీ. పిడుగు పడితే పిడుగు తరఫున, కాకి గూడు కడితే కాకి తరఫున సిగ్గుతో చితికిపోయేవాడు. ఒకసారి టవరును గుద్దుకున్న ఎద్దుకు దండం పెడితే, ఎద్దు కూడా సిగ్గుపడి రెండు పూటలా మేత మానేసింది. నమ్మకపోతే ఎద్దునడగండి.

అతనితో ఊళ్ళోకి వెళ్ళాలంటే కొత్త ఇంజనీరు యమునకు తల కొట్టేసినట్టుండేది.

ఓ మధ్యాహ్నం లైను ఆగిపోయింది. కంట్రోలు రూమువాళ్ళు తీగ చుట్టూ మెరుపు రేగిన గాలిని కాసేపు తేరుకోనిచ్చి కరెంటు వదిలారు. నిలవలేదు. వోల్టేజీ తగ్గించి వదిలినా అంతే. తీగను మోసే పింగాణీ చిప్పలు ఎక్కడో పగిలాయన్నమాట. ఏ టవరు మీదో వెతకాలి.

"కోతలయ్యాయి కదా, ఎవరో లైను కింద మంట పెట్టారు, ఆ పొగకే లైను పోయింది. పేరు కనుక్కో, కేసు పెడదాం," అని పెద్ద ఇంజనీరు నారాయణమూర్తి ఫోనులో అరిచాడు.

"నిప్పు పెట్టిందెవరు?" అని యమున ఊరంతా అడిగింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

నగరేశ్వరరావు తువ్వాలు చంకలో పెట్టుకుని, రైతు జగ్గమ్మ అరుగు ముందు వంగాడు.

"తప్పైపోనాదమ్మా. మా తీగలు మీ పొగకి అడ్డొచ్చినాయి."

"పొగకి తీగలడ్డేటి బాబూ!"

"అడ్డే. అంత కిందకి కట్టకూడదు. బుద్ధిలేనోళ్ళం."

"ఊరుకో! తుమ్మల పక్క టవరు కాడ వరి దుబ్బులు కాల్సింది నాను కదేటి? గాలి తిరగబడిపోనాది." అనేసి జగ్గమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పోలీసులొస్తారేటి?"

"ఎందుకొస్తారు? తప్పు నాది కదా!"

ఆ టవరు చిప్పలు మార్చారు. లైను నిలిచింది. అప్పుడు జగ్గమ్మ అరుగు ముందు జీపు దిగాడు నారాయణమూర్తి. "ఎవరు పెట్టారు?"

"నానే బాబూ. సుట్ట కాల్సి పారేసినాను."

"నీకు చుట్ట అలవాటుందా? ఏదీ, కాల్చు!"

డ్రైవరు గంగులు చుట్ట వెలిగించి ఇచ్చాడు. పాపం, నగరేశ్వరరావు ఇంట్లో చుట్ట కాల్చేది వాళ్ళమ్మ ఒక్కతే, అదీ అడ్డపొగ. అతనూ అలాగే నిప్పు కొస నోట్లో పెట్టుకుని కెవ్వుమన్నాడు.

ఊరంతా నవ్వింది. యమునకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసా తను సిగ్గుపడింది! ముందుకొచ్చింది.

"దుబ్బులు కాల్చొద్దని కోతలకు ముందే ఊళ్ళో చెప్పించాల్సింది నేను సార్. తప్పైపోయింది."

జగ్గమ్మ కూడా గుమ్మం దాటింది. "ఆళ్ళ మాట నమ్మకు బాబూ, నానే!"

నారాయణమూర్తి ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "ఇంతమంది ఎగబడితే కేసు ఎవరి మీద పెట్టేది? పోండి! ఇంకోసారి దుబ్బులు కాలిస్తే ఊరుకోను."

జీపు కదిలాక నగరేశ్వరరావు కాలిన నాలుకతోనే యమున మీద కస్సుమన్నాడు. "అమ్మగోరూ, ఆ మాట నాది! మీరూ ఒప్పేసుకుంటే నాకింకేటి మిగుల్తాది?"

అనేశాక సిగ్గుతో ముడుచుకుపోయి, తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు.

"తప్పైపోనాదమ్మా."