చల్లారిన లోడు

"ఈ రోడ్డేమన్నా మీ తాత సొత్తా?" అని సూపర్‌వైజర్ నిలదీస్తే, రోలర్ డ్రైవర్ బండిని పక్క మట్టి మీదికి దించి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"కాదు సార్. మా తాతదే అయితే నా ఇష్టమొచ్చినట్టు పాడుచేసుకునేవాణ్ణి."

ఆయన్ని మహాత్ముణ్ణి చేయాల్సిన పనేమీ లేదు. సెలవు కావాలంటే లేని మేనత్తను ఇప్పటికి మూడుసార్లు చంపాడు. కానీ రోలర్ ఎక్కితే వేరే మనిషి. ఇరవయ్యారేళ్లుగా రాష్ట్ర రహదారుల మీద గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున బతుకుతున్నాడు. వేడి తారు మీద ఒక్క క్షణం కూడా బండి ఆపడు. ఆపితే ఇనుప చక్రం దిగబడి గుంట పడుతుంది, కారులో పోయేవాడి నడుముకు అది జీవితాంతం తెలుస్తుంది. కూతురు పుట్టిందని కబురొచ్చిన రోజు కూడా బండిని పాత రోడ్డు మీదికి తెచ్చాకే కిందికి దూకాడు.

ఆ రోజు టిప్పర్ దారిలో టైరు పేలి రెండు గంటలు ఆలస్యమైంది. తారు కలిపిన కంకర చల్లారిపోయింది. మర్నాడు తనిఖీ ఉందని సూపర్‌వైజర్ దాన్నే పరిపించాడు. డ్రైవర్ చెంబుతో నీళ్లు చిలకరించాడు. వేడిగా ఉంటే చుయ్యిమనాలి. నీళ్లు ఉలుకూ పలుకూ లేకుండా జారిపోయాయి.

"పైకి నల్లగా నిగనిగలాడుతుందిగా, చాలదా?" అన్నాడు సూపర్‌వైజర్.

"మొదటి వాన దాకా చాలు."

"నీ రెండు నెలల జీతం నా చేతిలో ఉంది, గుర్తుందా?"

గుర్తు లేకేం? ఇంటి అద్దె కూడా రెండు నెలలది నిలిచిపోయింది. అయినా తాళంచెవి జేబులోంచి రాలేదు. గొడవ విని వచ్చిన రోడ్ల శాఖ ఇంజనీరమ్మ థర్మామీటర్ గుచ్చింది. ఎనభై డిగ్రీలు. వందకు పైనుండాలి. లోడంతా గీకించి పారేయించింది. ఆ ఖర్చు తీరేదాకా నీకు చిల్లిగవ్వ రాదని సూపర్‌వైజర్ డ్రైవర్‌ను అక్కడికక్కడే సాగనంపాడు.

ఇంట్లో విషయం చెప్పగానే భార్య నెత్తి కొట్టుకుంది. "ముందు జీతం తీసుకుని, తర్వాత నిజాయితీగా ఉండొచ్చు కదండీ!"

"తారు కంకర అంతసేపు వేడిగా ఉండదే, పిచ్చిదానా!"

ఆమె నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే గాజులు తాకట్టు పెట్టి అద్దె కట్టింది. నెల తిరక్కుండానే ఆయనకు మరో కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఆ రోడ్డు మీదుగా మూడు వానాకాలాలు పోయాయి. అటూ ఇటూ అతుకులు పడ్డాయి గానీ, మళ్లీ వేడి లోడు తెప్పించి వేసిన ఆ ముక్క మాత్రం చెక్కుచెదరలేదు.

పాత కాంట్రాక్టరు దగ్గర్నుంచి రెండు నెలల జీతం, యాభై రెండు వేలు, ఇప్పటికీ రావాలి.