గడప ముందరి మజ్జిగ ముంత

మా వెనుక వాడలోని పెద్దమ్మ కాలం చేసిందన్న కబురు తెల్లవారుతూనే అందింది. తెచ్చింది ఆమె పక్కింటి కోడలు, ఏడాదిగా పెద్దమ్మతో మాట మానేసిన మనిషి. గేటు అవతలే నిలబడి, "అయ్యగారూ, పెద్దమ్మ లేస్తలేదు. జర వచ్చి చూస్తరా" అంది. వెళ్లి చూశాను. గోడవైపు తిరిగి, మోచేయి తలకింద పెట్టుకొని, పని నుంచి వచ్చి ఒరిగినట్టే ఉంది. నాకు దుఃఖం రాలేదు. ఇది రాస్తున్న ఈ పూటకూ రాలేదు. ఎందరి ఇళ్లలోనో శ్లోకాలకు అర్థం చెప్పి ఓదార్చినవాణ్ణి. ఆ ఉదయం ఒక్క అక్షరమూ నా నోటికి అందలేదు.

నాకంటే చిన్నదైనా వాడంతా పిలిచినట్టే నేనూ ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాణ్ణి. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలకు తొడిమెలు తీసే ఆడకూలీలకు ఆమె పెద్ద. ఆ పనిలో సాయంత్రానికి అరచేతులు మండిపోతాయి. నీళ్లతో కడిగితే మంట తగ్గదు, పాకుతుంది. ఆ చేత్తో కన్ను నలుపుకోరాదు, పసిబిడ్డ చెంప ముట్టరాదు. మజ్జిగ ఒక్కటే దానికి విరుగుడు. అందుకే మిర్చి వచ్చే నెలలన్నీ ఆమె గడప పక్కన మజ్జిగ ముంత ఉండేది. ఆమె కొడుకు అదే మార్కెట్లో ఒక కూలీల ముఠాలో హమాలీ. బస్తాలు మోసి వచ్చి, గడప బయట నిలబడి, రెండు చేతులూ చాచేవాడు. ఆమె పోసేది. "చేతులు చల్లబడినంకనే ఇంట్లకు రావాలె" అనేది ఆ ఇంటి కట్టడి. చిన్నప్పటినుంచీ అంతే.

సాయంకాలాలు నేను అరుగు మీద పురాణం చదువుతుంటే దూరంగా, మెట్టు కింద కూర్చునేది. దగ్గరికి రమ్మంటే, "నా చీరె ఘాటుకు మీకు తుమ్ములొస్తే దేవుని కథ ఆగిపోతది" అని నవ్వేది. ఒకనాడు నిండు సభలో అన్యాయం జరుగుతుంటే పెద్దలందరూ తలలు వంచుకొని కూర్చున్న ఘట్టం వచ్చింది. వారంతా రాజుగారి అన్నం తిన్నవారు, ఆ అన్నమే వారి నాలుకలను కట్టివేసిందని వివరించాను. ఆమె "మా ముఠాల గూడ అంతే అయ్యగారూ" అంది.

ధర పడిపోయి మార్కెట్టు మందగించిన ఒక వేసవిలో ఏటూరునాగారం అవతలినుంచి ఒక గిరిజన స్త్రీ పనికి వచ్చింది. కింద రాలిన మిరపకాయలు ఊడ్చుకుపోవడం అక్కడి ఆడకూలీలకు ఆనవాయితీగా వచ్చిన హక్కు. పనిలేని రోజుల్లో ఆ ఊడుపే వారి కూర, వారి ఉప్పు. కొత్త మనిషి కొంగులో ఆ కాయలు కనబడ్డాయి. జుట్టు పట్టి ఈడ్చారు. కళ్లలో కారం పెట్టాలని ఒకామె పిడికిలి నింపుకొంది. పట్టుకొన్నవాళ్లందరూ ఆ పూట గంజి తాగి వచ్చినవాళ్లే. పెద్దమ్మ మజ్జిగ కుండ ఎత్తుకొచ్చి నడుమ దించింది.

"ముందుగాల చేతులు కడుక్కోండ్రి. కారం చేతులతోని మనిషి మొఖం ముట్టద్దని మీ పిల్లలకు మీరే చెప్తరు గద. కడుక్కోని కొట్టుండ్రి, నేను అడ్డం రాను."

అలవాటు ఎంత బలమైనదో! కోపంతో ఊగుతున్నవాళ్లు సైతం వరుసకట్టి చేతులు పట్టారు. ఒక్కొక్కరికీ పోస్తూ, పొద్దున ఏం తిన్నవే అని అడిగిందట. మా తల తిన్నం అని ఒకామె విసుక్కుంటే అందరూ నవ్వారట. కుండ ఖాళీ అయ్యేసరికి కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆ గిరిజన స్త్రీ ఆ సీజనంతా వారి పక్కనే కూర్చొని తొడిమెలు తీసింది.

ఇదంతా నేను ఆమె గొప్పతనంగా చెప్పడం లేదు. ఆమె కూడా చెప్పుకోలేదు. నిరుటి వానకాలంలో అదే మనుషుల మధ్య జరిగినదాన్ని చెప్పడానికి చెబుతున్నాను.

పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. మార్కెట్టు రోడ్డు మీద తన పేరైనా సరిగా చెప్పలేని ఒక బాటసారి ఒక పాపకు బిస్కెట్టు ఇవ్వబోయాడు. హమాలీలు చుట్టుముట్టారు. అందరి చెయ్యీ పడాలన్నారట. చెయ్యి వెయ్యనివాడికి రేపు ముఠాలో బస్తా ఉండదన్నారట. ఆ మనిషి దవాఖానకు చేరేలోపే పోయాడు.

ఆ సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే గడప బయట చేతులు చాచాడు. మజ్జిగ పొయ్యమన్నాడు.

"మార్కెట్ల మిర్చే లేదు గదరా," అంది ఆమె. "చేతులెందుకు మండుతున్నయి?"

వాడు అక్కడే కూలబడి అంతా చెప్పాడు. ఆమె పొయ్యలేదు. మరునాడు పొద్దున వాణ్ణి వెంటబెట్టుకొని పోలీస్ స్టేషన్‌కు నడిచింది. బయలుదేరేముందు మా మెట్టు దగ్గర ఆగింది. "నా కొడుకు చెడ్డోడు కాడు అయ్యగారూ. ఒక్కడే ఉంటే కుక్కను గూడ కొట్టడు" అంది. నేను బదులు చెప్పకముందే వెళ్లిపోయింది.

వాడు చెప్పిన పేర్లతో మరికొందరు జైలుకు వెళ్లారు. వాడ ఆమెతో మాట మానేసింది. తొడిమెలకు పిలవడం మానేశారు. నేను వారిని నిందించబోతే ఆమె ఒప్పుకోలేదు. తనతో మాట్లాడితే వాళ్ల మగవాళ్లకు పని పోతుంది, వాళ్లనేమంటాం అనేది. నా మెట్టు దగ్గరికి మాత్రం వచ్చేది. కథ వినేది కాదు, ఊరికే కూర్చునేది. ఆమె చీరెకు ఘాటు లేకపోవడం నాకు వింతగా ఉండేది.

జైలుకు ములాఖత్‌కు పోయేది. కొడుకు ఇనుప జాలీ అవతలికి వచ్చి నిలబడేవాడు, మాట్లాడేవాడు కాడు. ఆ ఒక్క మాట కోసమే ఆమె బతికిందని నేననుకుంటాను. పోయినసారి వెళ్లివచ్చి, "తలకాయ ఎత్తిండు. ఈసారి మాట్లాడతడు" అంది. ఈసారి అనేది రాలేదు.

కొరివి పెట్టడానికి కొడుకును పోలీసులు తీసుకొచ్చారు. పాడె మోయడానికి మాత్రం ముఠా మనుషులే వచ్చారు. బస్తా ఎత్తినట్టు ఎత్తారు, బస్తా దించినట్టు మెల్లగా దించారు.

చితి దగ్గరినుంచి తిరిగివచ్చాక, దీపం చూసి పోవాలని వాణ్ణి ఇంటిదాకా రానిచ్చారు. మిర్చి ఇంకా మార్కెట్టుకు రాలేదు. ముంత గోడవార బోర్లించి ఉంది. వాడు గడప దాకా వచ్చి ఆగాడు. లోపల దీపం వెలుగుతోంది. మేమంతా చూస్తూనే ఉన్నాం. వాడు తలుపువైపు చూస్తూ రెండు చేతులూ చాచాడు. పోలీసు ఒకరు పద అన్నట్టు భుజం తట్టినా వాడు కదల్లేదు. చేతులు అలాగే చాచి నిలబడ్డాడు.